రావులపాలెం సెంటర్లో నాలుగు పేపర్లు

రావులపాలెంలో పేపరు ఏనాడూ ఒక్కరు చదివి మడిచిపెట్టే వస్తువు కాదు. ఒకరు కొంటే పదిమంది చదివేవారు. చదువు రానివాళ్ళు పక్కన చేరి వినేవారు. విన్నది నచ్చకపోతే అక్కడికక్కడే వాదన వేసుకునేవారు. కళా వెంకట్రావు సెంటర్లో టీ బల్లల మీద, మంగలి షాపుల్లో, అరటి మార్కెట్లో బేరాలు మొదలయ్యే ముందు, గ్రంథాలయంలో పొడుగాటి బల్ల చుట్టూ సాగిన ఈ చదువుకి మా ఊళ్ళో దశాబ్దాల చరిత్ర ఉంది. మా నాన్న పేపర్ ఏజెంటు. నేను ఆ కట్టల మధ్యే పెరిగాను. రాజకీయాల మీద, పత్రికల న్యాయం మీద, సినిమాల మీద నాకున్న అభిప్రాయాలన్నీ ఆ చదువు నేర్పినవే. అందుకే ఈ చరిత్రతో పాటు వాటినీ దాచుకోకుండా చెబుతాను.

పడవ మీద వచ్చిన పేపరు

కోనసీమకి ముఖద్వారం అని మా ఊరికి పేరు. ఇటు గౌతమి దాటితే జొన్నాడ, అటు వశిష్ఠ దాటితే సిద్ధాంతం. వంతెనలు లేని రోజుల్లో ఇక్కడికి ఏది రావాలన్నా రేవు దాటాలి, లేదా కాలవలో పడవెక్కాలి. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలవలు వరికి ఎంత పనికొచ్చాయో ప్రయాణాలకీ అంతే పనికొచ్చాయి.

గోదావరి జిల్లాలో పత్రిక మొదటినుంచీ నిలదీసే గుణంతోనే పుట్టింది. కందుకూరి వీరేశలింగం గారు 1874లో ‘వివేకవర్ధని’ మొదలుపెట్టి, స్త్రీవిద్య గురించి రాసిన కలంతోనే రాజమండ్రి కోర్టుల్లో, కచేరీల్లో లంచాలు మరిగినవాళ్ళ గురించీ రాశారు. ఆయన పక్షం ఏమిటో ఎవరూ ఊహించుకోనక్కర్లేదు. సంస్కరణ నా పక్షం అని ఆయన బాహాటంగా చెప్పేవారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా రావడం మొదలైంది. ఆయన అమృతాంజనం అమ్మిన డబ్బు స్వాతంత్ర్యోద్యమం మాట చెప్పే పత్రికలోకి వెళ్ళింది. మద్రాసులో అచ్చయి, రైలెక్కి, పడవెక్కి మా లంకల్లోకి చేరేసరికి అది నిన్నటి పేపరో మొన్నటి పేపరో అయ్యేది. అయినా దానికోసం ఎదురుచూసేవారని మా తాతయ్య చెప్పేవారు. ఊరికి ఒకటి రెండు కాపీలే వచ్చేవట. చదువుకున్నాయన ఎవరి అరుగు మీదో కూర్చుని పైకి చదివేవాడు. వినేవాళ్ళు మధ్యలో ఆపి, “అదెలా అవుద్దండీ, మళ్ళీ చదవండి” అనేవారు. మా ఊళ్ళో పత్రికా విమర్శ పుట్టింది ఆ అరుగుల మీదేనని నేననుకుంటాను.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి పేపర్లు పెరిగాయి. 1938లో మద్రాసు నుంచి మొదలైన ఆంధ్రప్రభ, 1952లో విజయవాడ నుంచి వచ్చిన కమ్యూనిస్టుల విశాలాంధ్ర, 1960లో మొదలైన ఆంధ్రజ్యోతి ఒక్కొక్కటే మా దారి పట్టాయి. నార్ల వెంకటేశ్వరరావు గారు 1959లో ప్రభ వదిలి, తర్వాత జ్యోతికి సంపాదకులయినప్పుడు ఆయన సంపాదకీయం కోసం పేపరు మార్చినవాళ్ళు మా తాతయ్య స్నేహితుల్లోనే ఉన్నారు. యజమాని ఎవరో తెలియనివాళ్ళకి కూడా ఎడిటర్ పేరు తెలిసిన రోజులవి. విశాలాంధ్ర చదివేవాడు ఎర్రజెండా మనిషని ఊరందరికీ తెలుసు. ఏ పేపరు ఎటు మొగ్గుతుందో తెలిసే చదివేవారు గనక ఎవరూ మోసపోయామని అనుకోలేదు. ఏదో ఒక పక్షం వహించినందుకు పత్రికని నేను తప్పు పట్టను. ఆ పక్షాన్ని దాచిపెట్టి, నాకే పక్షమూ లేదని చెప్పుకోవడమే అన్యాయమంటాను.

పై కాపీ మాది

వంతెనలు పడి, జాతీయ రహదారి ఊరి మధ్య నుంచి వెళ్ళడంతో రావులపాలెం రాత ఒక్కసారిగా మారింది. అరటి గెలలు లారీలెక్కి ఒడిశా దాకా, తమిళనాడు దాకా వెళ్ళాయి. వార్తలు అదే రోడ్డు మీద ఎదురొచ్చాయి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. పొద్దు పొడవకముందే పేపరు గుమ్మంలో పడాలన్న పట్టుదలతో అది తెలుగువాళ్ళ అలవాటునే మార్చేసింది. అంతకుముందు మధ్యాహ్నం భోజనాలయ్యాక చదివే పేపరు ఇప్పుడు మొదటి కాఫీతో పాటు కావలసి వచ్చింది. మా నాన్న ఏజెన్సీ తీసుకున్నది ఆ డెబ్బైల్లోనే.

పేపరు వ్యాను చీకటితోనే సెంటర్లో కట్టలు పడేసి వెళ్ళిపోయేది. నాన్న అరుగు మీద లాంతరు పెట్టి తాళ్ళు కోసేవారు. కట్టలో పైదీ కిందదీ తాడు ఒరిపిడికి చిరిగేవి. చందాదారుడికి చిరిగిన కాపీ ఇవ్వకూడదన్నది నాన్న నియమం. ఆ పై కాపీలు మా ఇంటికొచ్చేవి. అలా ప్రతి పేపరూ, అంచు చిరిగినదే అయినా, మా ఇంట్లో ఉండేది. లెక్క చూసుకున్నాక ఊబలంక లైను, ఈతకోట లైను, గోపాలపురం లైను అని విడదీసి సైకిళ్ళ మీద కుర్రాళ్ళని పంపేవారు. వానాకాలంలో కాగితం చెమ్మకి అంటుకుపోయేది. ఒక్కొక్కటీ ఊది విడదీయాలి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, తక్కినవాళ్ళూ అదే దారి పట్టాక, మెయిన్ పేపర్లో మినీ పేపరు దూర్చే పని నాకూ మా తమ్ముడికీ వచ్చింది. కొత్త సినిమా వచ్చిన రోజున హాలు వాళ్ళ కరపత్రాలు కూడా దూర్చాలి. ఆ పనయ్యేసరికి మణికట్టు దాకా సిరా అంటుకునేది. ముఖ్యమంత్రి ఫోటో, హీరో బొమ్మ, అరటి ధర ఒకే మడతలోకి వెళ్ళేవి. మా ఊళ్ళో రాజకీయం, సినిమా, బతుకుతెరువు విడివిడిగా ఎప్పుడూ లేవు.

సెంటర్లో మా అరుగుకి ఎదురుగా ఉన్న టీ దుకాణానికి నాలుగు పేపర్లు వేసేవాళ్ళం. ఈనాడు, జ్యోతి, ప్రభ, విశాలాంధ్ర. మార్కెట్‌కి గెలలు తెచ్చిన రైతు ముందు దొరికిన పేపరు తీసేవాడు. పక్కవాడి చేతిలో ఇంకొకటి ఉండేది. ఇద్దరూ ఒకే వార్తని రెండు రకాలుగా చదివి, తలలెత్తి మాట్లాడుకునేవారు. తన పేపరే నిజమని పట్టుబట్టినవాణ్ణి, “ఆయ్, ఇది కూడా ఒకసారి చూసి మాట్లాడండి” అని పక్కవాడు తన పేపరు చేతిలో పెట్టేవాడు.

నాన్న ఎవరికీ ఏ పేపరు కొనాలో చెప్పేవారు కాదు. ఎలా చదవాలో మాత్రం చెప్పేవారు. “ముందు మన ఊరి వార్త చూడమ్మా. మనం కళ్ళారా చూసినదాన్ని వాళ్ళెలా రాశారో చూడు. ఆ తర్వాత ఢిల్లీ వార్త ఎంత నమ్మాలో నీకే తెలుస్తుంది” అనేవారు. అరటి గెల కొనేవాడు పై అత్తం నొక్కి చూసి గెలంతటికీ ధర కట్టినట్టు, ఊరి వార్తతో పేపరు మొత్తానికి విలువ కట్టడమన్నమాట. నేను చదివిన ఏ పుస్తకమూ పత్రికని తూచడానికి ఇంతకంటే మంచి పద్ధతి చెప్పలేదు.

ఆడవాళ్ళకి టీ బల్ల దగ్గర చోటుండేది కాదు. మా చదువు మధ్యాహ్నం వీధి గుమ్మాల్లో సాగేది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనం’ చదవడానికి మా అమ్మ దగ్గరికి చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చేవారు. వంటతో మొదలైన మాట వరకట్నం మీదకి, అక్కడి నుంచి ఓటు మీదకి వెళ్ళేది. విజయచిత్ర, సితార చేతులు మారీ మారీ అట్టలు ఊడేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక ఉద్యమానికి ఈనాడు పెద్దపీట వేసినప్పుడు, చదువు రాని ఆడవాళ్ళు మా గుమ్మంలోకి వచ్చి, “ఆ వార్త చదివి పెట్టమ్మా” అని అడిగేవారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. పత్రిక తలుచుకుంటే ఏం చేయగలదో నాకు అప్పుడు తెలిసింది. 1997లో నిషేధం సడలించినప్పుడు ఆ ఆడవాళ్ళ మాట అంత పెద్ద అక్షరాల్లో నాకు ఏ పేపర్లోనూ కనబడలేదు. ఏ వార్త వేశారన్నదొక్కటే కాదు, ఏ వార్తని మధ్యలో వదిలేశారన్నది కూడా చూడాలని అప్పుడే నేర్చుకున్నాను.

చైతన్యరథం వచ్చిన రోడ్డు

1975 జూన్‌లో ఎమర్జెన్సీ విధించి పత్రికల మీద సెన్సారు పెట్టారు. నాలుగు పేపర్లూ ఒకే మాట చెప్పసాగాయి. టీ బల్ల దగ్గర వాదనలు ఆగిపోయాయి గానీ నమ్మకం పెరగలేదని నాన్న చెప్పేవారు. ఎవరి పేపరు వాళ్ళ చేతిలో ఉన్నా అందరూ అనుమానంగానే చూసేవారట. పేపర్లు పోట్లాడుకోవడం కంటే అన్నీ కలిసి ఒకే పాట పాడటం ప్రమాదమని ఆ కాలం మా ఊరికి నేర్పింది.

ఏడేళ్ళు తిరక్కుండానే కథ మారింది. 1982 మార్చి 29న నందమూరి తారక రామారావు గారు తెలుగుదేశం పెట్టారు. రాముడిగా, కృష్ణుడిగా తెర మీద చూసిన మనిషి చైతన్యరథమెక్కి రోడ్ల మీదకొచ్చారు. ఈనాడు ఆయనకి వెన్నుదన్నుగా నిలిచింది. ఆ డిసెంబరులోనే కృష్ణ గారి 200వ సినిమా ‘ఈనాడు’ అన్న పేరుతోనే విడుదలైంది. హాల్లో ఈలలు, సెంటర్లో ఉపన్యాసాలు, పొద్దున్నే పేపర్లో పతాక శీర్షికలు. మూడూ ఒకే వైపు నడిచాయి. 1983 జనవరి 9న రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1984 ఆగస్టు 16న ఆయన్ని గవర్నరు తొలగించి నాదెండ్ల భాస్కరరావు గారిని గద్దెనెక్కించిన దగ్గర్నుంచి, సెప్టెంబరు 16న మళ్ళీ రామారావు గారు వచ్చేదాకా, నాన్న ఎన్ని కాపీలు తెప్పించినా చాలలేదు.

అధికారానికీ అక్షరానికీ మధ్య తగవు కూడా అప్పుడే ముదిరింది. 1983 మార్చిలో శాసనమండలి గొడవ మీద ఈనాడు ‘పెద్దల సభలో గలభా’ అని శీర్షిక పెట్టింది. మండలి దాన్ని హక్కుల ఉల్లంఘనగా తీసుకుంది. సంపాదకుడు రామోజీరావు గారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అరెస్టు మీద స్టే తెచ్చుకున్నారు. 1985లో ఆ మండలే రద్దయింది. ఆ శీర్షిక మర్యాదగా ఉందా లేదా అని మా సెంటర్లో చాలా వాదనలు నడిచాయి. నా మట్టుకు నాకు, సభకి కోపం తెప్పించే హక్కు పత్రికకి ఉండాలి. ఆ హక్కు నాకు నచ్చిన పత్రికకి ఎంత ఉందో నచ్చని పత్రికకీ అంతే ఉండాలి.

సినిమా కూడా ఒకే వైపు ఉండిపోలేదు. కృష్ణ గారు కాంగ్రెస్ వైపు వచ్చి, 1989లో ఏలూరు నుంచి ఎంపీ అయ్యారు. రామారావు గారి పాలనని వేలెత్తి చూపే సినిమాలు వరసగా వచ్చాయి. 1987 నాటి ‘మండలాధీశుడు’లో కోట శ్రీనివాసరావు గారు రామారావు గారిని పోలిన పాత్ర వేశారు. మా దగ్గర ఒకే హాల్లో ఒక వారం రామారావు గారి పౌరాణికం ఆడితే, ఇంకో వారం ఆయన్ని ఎగతాళి చేసే సినిమా ఆడేది. రెండిటికీ టికెట్టు కొనుక్కున్నది ఆ జనమే. రెండూ చూసి బయటికొచ్చి సెంటర్లో వాదించుకున్నారు. వినోదంలో రాజకీయం కలిసిందని వాపోయేవాళ్ళకి నేను ఆ రోజులు గుర్తుచేస్తాను. రెండో సినిమా కూడా ఆడనిచ్చినంత కాలం ప్రమాదం లేదు.

ఇక మా పక్కనే వశిష్ఠ అవతల ఉన్న పాలకొల్లు మనిషి దాసరి నారాయణరావు గారు 1984 డిసెంబరు 29న ‘ఉదయం’ మొదలుపెట్టారు. ఏబీకే ప్రసాద్ గారు ఎడిటర్. సినిమా మనిషి పెట్టిన పేపరంటే సినిమా కబుర్లే ఉంటాయనుకున్నవాళ్ళు, అధికారుల గుట్టు రట్టు చేసే వార్తలు చూసి ఆశ్చర్యపోయారు. టీ దుకాణం బల్ల మీదకి అయిదో పేపరు చేరింది. 1995లో ఉదయం ఆగిపోయింది. ఒక పేపరు మూతపడితే దాని యజమానికే నష్టమనుకుంటారు. మా బల్ల దగ్గర ఒక గొంతు తగ్గిపోయింది.

కళ్ళారా చూసిన వార్తలు

నాన్న చెప్పిన పరీక్ష పెట్టడానికి గోదావరి మాకు చాలా అవకాశాలిచ్చింది. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. లంకలు మునిగాయి. లంకల నుంచి మూటలతో వచ్చిన జనం సెంటర్లో కూర్చుని తమ ఊళ్ళ గురించి పేపర్లో వచ్చింది విన్నారు. ఒక పేపరు తెగని గట్టుని తెగిందని రాస్తే, ఆ గట్టు మీద రాత్రంతా ఇసుక బస్తాలు వేసిన మనిషి లేచి, “నేనక్కడే ఉన్నానండీ బాబూ, తెగలేదు” అన్నాడు. చాలా కాలం ఆ పేపరు ఏం రాసినా జనం ఆ గట్టు పేరెత్తేవారు.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బద్దలై 65 రోజులు మండింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చిపెట్టింది. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయి పేపరు రాని రోజుల్లో మా అరుగు ముందు జనం నిలబడి ఎదురుచూశారు. వచ్చిన మొదటి కట్టని కళ్ళకద్దుకున్నవాళ్ళనీ చూశాను. ఆ రెండు సందర్భాల్లోనూ జిల్లా విలేకరులు బురదలో నడిచి రాశారు. పేపర్లకి పక్షాలున్నా, చనిపోయిన మనిషి ఊరూ పేరూ సరిగ్గా రాసిన ప్రతి విలేకరికీ నేను దండం పెడతాను.

అదే విలేకరి చేత తప్పుడు వార్త రాయించేది ఏమిటో కూడా చెప్పాలి. మినీ పేపర్లు వచ్చాక మండలానికో కంట్రిబ్యూటరు వచ్చాడు. అతనికి జీతం లేదు, అచ్చయిన వార్త కొలతని బట్టి చిన్న మొత్తం. అసలు రాబడి ప్రకటనల కమీషన్. దసరాకీ సంక్రాంతికీ నాయకుల శుభాకాంక్షల ప్రకటనలు తేవాలి, దానికి టార్గెట్టు ఉంటుంది. ఇవాళ ప్రకటన ఇచ్చిన నాయకుడి ఇసుక లారీ గురించి రేపు రాయమంటే అతను ఎలా రాస్తాడు? పత్రికల పక్షపాతం గురించి మాట్లాడేవాళ్ళు యజమానుల పేర్లే ఎత్తుతారు. నేను మా మండలంలో చూసిన పక్షపాతం పైనుంచి దిగినది కాదు. జీతమివ్వకుండా పని చేయించుకునే పద్ధతిలో నుంచి మొలిచింది. విలేకరికి నెల జీతం ఇచ్చి, ప్రకటనల పని వేరే మనిషికి అప్పగిస్తే సగం జబ్బు నయమవుతుందని ఇప్పటికీ నమ్ముతున్నాను.

పాఠకులు కూడా ఊరుకోలేదు. పదిహేను పైసల కార్డు మీద ఎడిటర్‌కి ఉత్తరం రాసే అలవాటు మా ఊళ్ళో చాలామందికి ఉండేది. నేనూ రాశాను. మా లాకుల మరమ్మతు గురించి రాసిన కార్డు అచ్చయి, నెలలోపే మనుషులొచ్చి పని మొదలుపెట్టారు. ఇంకోసారి ఒక పత్రిక నా ఉత్తరంలో తన వార్తలోని పొరపాటుని ఎత్తిచూపిన వాక్యాలు తీసేసి, పొగడ్త మాత్రం ఉంచి అచ్చేసింది. ఆ కత్తిరింపు చూశాక ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకోవడం మొదలుపెట్టాను. తప్పు దిద్దుకున్నానని ఒప్పుకునే చిన్న పెట్టె ఏ పేపర్లో క్రమంగా కనబడుతుందో, ఆ పేపర్‌కి నా గౌరవం ఎక్కువ.

రెండు గట్లు

2002లో ఆంధ్రజ్యోతి కొత్త యాజమాన్యంతో మళ్ళీ మొదలైంది. 2004లో టీవీ9తో ఇరవై నాలుగ్గంటల వార్తలు వచ్చాయి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా ఈనాడు, జ్యోతిలని ఉద్దేశించి “ఆ రెండు పత్రికలు” అన్న మాట జనం నోళ్ళలో నానింది. 2007లో జీవో 938తో, తప్పుడు వార్తల మీద పత్రికలపై కేసులు వేసే పని అధికారులకి అప్పగించారు. 2008 మార్చి 23న రాజశేఖరరెడ్డి గారి కొడుకు జగన్మోహన్‌రెడ్డి గారి సాక్షి ఒకేసారి 23 చోట్ల నుంచి బయల్దేరింది. జగన్మోహన్‌రెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యాక 2019లో జీవో 2430 పాత జీవో బాటలోనే నడిచింది. 2022లో వలంటీర్లకి పేపరు కొనుక్కోమని నెలకి 200 రూపాయలు ఇచ్చారు. ఈనాడు దాన్ని కోర్టులో సవాలు చేసింది. కాపీలు పెరిగితే ఏజెంట్లకి లాభమే. అయినా నా మాట నేను చెబుతాను: పాఠకుడు తన జేబులోంచి తీసి కొన్న పేపర్‌కే విలువ. ప్రభుత్వం డబ్బుతో పెరిగిన సర్క్యులేషన్ ఏ పార్టీ హయాంలోదయినా పత్రికకి గౌరవం తేదు.

చానళ్ళు ఆపడం విషయంలోనూ నాకు ఒకటే కొలత. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్ తెర మీద నుంచి మాయమయ్యాయి. 2019లో మా రాష్ట్రంలో ఏబీఎన్, టీవీ5 వంతు వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ ప్రసారాలకి అడ్డం పడింది. ప్రతిసారీ సగం ఊరు సంబరపడింది, సగం ఊరు మండిపడింది. తర్వాతిసారి ఆ సగాలు తారుమారయ్యాయి. నాకు నచ్చని చానల్‌ని నేను రిమోట్‌తో ఆపుకుంటాను. నా బదులు ఇంకొకరు దాన్ని ఆపడానికి నేను ఒప్పుకోను.

సినిమా హీరోల రాజకీయాల్లో మా ప్రాంతం ముందే నిలిచింది. మొగల్తూరులో పుట్టిన చిరంజీవి గారు 2008 ఆగస్టులో ప్రజారాజ్యం పెడితే, 2009లో మా కొత్తపేట నియోజకవర్గం ఆ పార్టీనే గెలిపించింది. ఆయన మాత్రం పక్కనున్న పాలకొల్లులో ఓడిపోయారు. తమ్ముడు పవన్ కళ్యాణ్ గారి జనసేనకి 2019లో రాష్ట్రం మొత్తం మీద దక్కిన ఒకే ఒక్క సీటు మా కోనసీమలోని రాజోలు. జనం హీరోని చూసి ఓటేస్తారని పట్నాల వాళ్ళు తేలిగ్గా రాసేస్తారు. ఒకే హీరోని ఒక చోట గెలిపించకుండా, అతని పార్టీని పక్క నియోజకవర్గంలో గెలిపించిన ఓటరు తెర చూసి మతిపోయినవాడు కాదు.

2021 ఏప్రిల్‌లో జీవో 35 వచ్చి పంచాయతీ ఊళ్ళలో నేల టికెట్టు 5 రూపాయలకి దిగింది. హాళ్ళవాళ్ళు కరెంటు బిల్లుకి కూడా రాదని గోల పెట్టారు. 2022 మార్చిలో ధరలు సవరించారు. పేదవాడికి సినిమా అందుబాటులో ఉండాలన్నది నా కోరిక కూడా. అయితే ఆ ధర అందరికీ ఒకటే అయి, ఏ హీరో సినిమా వచ్చినా మారకుండా ఉండాలి. 2022 జనవరిలో, కాళ్ళకూరి నారాయణరావు గారు వందేళ్ళ కిందట రాసిన ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించారు. మా తీర్థాల్లో తెల్లవార్లూ ఆడిన నాటకమది. ఒక పాత్రని వెకిలిగా ఆడి ఒక కులాన్ని నొప్పించారన్న బాధలో నిజముంది. ఆ వెకిలితనం నటులు చేర్చింది. దాన్ని ఆపమనాలి, నాటకాన్ని ఆపకూడదు. 2024 ఎన్నికల ముందు ‘యాత్ర 2’, ‘వ్యూహం’, ‘రాజధాని ఫైల్స్’ ఎవరి వాదన వాళ్ళు చెబుతూ వచ్చాయి. రానివ్వాలి. చూసినవాడు తేల్చుకుంటాడు.

ఆ మే నెల

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ గారి పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద మే 24న అమలాపురం భగ్గుమంది. మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ గారి ఇల్లు తగలబెట్టారు. రాజ్యాంగం రాసిన మహానుభావుడి పేరు జిల్లాకి పెడితే ఇళ్ళు తగలబెట్టడం మా సీమకి సిగ్గుచేటని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. చివరికి ఆ పేరే ఖాయమైంది. అల్లర్ల వెంటే జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. ఫోన్లు మూగబోయాయి.

ఆ రోజుల్లో, నాన్న తర్వాత ఏజెన్సీ చూసుకుంటున్న మా తమ్ముడి దగ్గర కాపీలన్నీ పొద్దు పొడిచేలోగా అయిపోయేవి. అప్పటిదాకా ఫోన్ తప్ప పేపరు ముట్టని కుర్రాళ్ళు సెంటర్‌కి వచ్చారు. ఒక పేపరు చదివితే కుట్ర ప్రతిపక్షాలదిగా, ఇంకోటి చదివితే అధికార పక్షానిదిగా తోచింది. ఒక్క పేపరే చదివినవాడు ఆవేశంగా వెళ్ళిపోయాడు. రెండూ చదివినవాడు ఆగి, “అయితే ఎవరి మాట నిజమంటారు?” అని పక్కవాణ్ణి అడిగాడు. ఆ ఆగడమే మా ఊరి పాత అలవాటు. రెండు పేపర్లు ఒకే బల్ల మీద పడిన చోట మనిషి ఆలోచనలో పడతాడు. ఫోన్ ఈ అవకాశం ఇవ్వదు. నేను ఏది ఇష్టపడి చూశానో దానికే మరో నాలుగు జోడించి చూపిస్తుంది. పక్కవాడి ఫోన్లో ఏముందో నాకు తెలియదు, నా ఫోన్లో ఏముందో వాడికి తెలియదు.

ఇప్పుడు టీ దుకాణాలు చాలావరకు పేపరు మానేశాయి. టీవీ ఉన్నచోట ఒకే చానల్ నడుస్తుంది, అది దుకాణం యజమానికి నచ్చినది. ఈ మార్పుని నేను మామూలు మార్పుగా తీసుకోలేను. వీరేశలింగం గారి కాలం నుంచి మా జిల్లాలో పత్రికని నిలబెట్టింది యజమానులూ ప్రభుత్వాలూ కాదు, ఎదురు ప్రశ్న వేసే పాఠకుడు. ఆ పాఠకుడు తయారయ్యేది పదిమంది మధ్య.

అందుకని నాకు తోచిన కోరికలు మూడు చెబుతాను. ఊళ్ళోని ప్రతి గ్రంథాలయం బల్ల మీద అన్ని పక్షాల పేపర్లూ ఉండాలి. ప్రభుత్వం మారినప్పుడల్లా అక్కడ పేపర్లు మారకూడదు. ప్రతి హైస్కూల్లో వారానికి ఒకరోజు ఒకే వార్తని రెండు పేపర్లలో పిల్లలచేత చదివించి, తేడాలు రాయించాలి. మూడోది మనందరి పని. మనం చూసిన సంగతి తప్పుగా అచ్చయితే, మన పక్షానికి లాభం కలిగించే తప్పయినా సరే, సంతకం పెట్టి ఉత్తరం రాయాలి. ఎదుటి పక్షం అబద్ధాన్ని పట్టుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. మన పక్షం అబద్ధాన్ని మనమే పట్టుకున్నరోజున పత్రికలు కూడా భయపడి నిజం రాస్తాయి. మా రావులపాలెం సెంటర్ ఆ పని ఒకప్పుడు చేసింది. మళ్ళీ చేయగలదు.